హౌసా వాళ్ళ అరుగు మీద

పాస్టరయ్యగారికి, సంఘ పెద్దలకు, అమ్మలకు, అయ్యలకు వందనాలు.

మిషన్ ఆదివారం సాయంత్రం కదా, "హౌసా ప్రజల గురించి, వాళ్ళ మధ్య జరిగిన సువార్త పని గురించి మాట్లాడండి" అన్నారు అయ్యగారు. నేను బైబిలు కాలేజీలో చదివినవాణ్ణి కాదు. లెక్కల మాస్టర్ని. 1982 నుంచి నాలుగేళ్ళు ఉత్తర నైజీరియాలో, కానో నగరానికి కాస్త దూరంలో, ఒక సెకండరీ స్కూల్లో పాఠాలు చెప్పాను. అప్పట్లో మన దేశం నుంచి మాస్టర్లు చాలామంది అక్కడికి వెళ్ళారు. మేమూ ఆ గుంపులో వాళ్ళమే. మిషనరీగా వెళ్ళలేదు, జీతానికి వెళ్ళాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఇందాక మన యువకులు తెర మీద మ్యాప్ చూపించారు. ఆఫ్రికా మీద ఎర్ర రంగు పూసి, "10/40 కిటికీ" అని రాసి (భూమధ్యరేఖకు పైన 10 నుంచి 40 డిగ్రీల మధ్య పట్టీని మిషన్ వాళ్ళు అలా అంటారు), హౌసా వాళ్ళ పేరు పక్కన "చేరుకోని ప్రజలు", అంటే సువార్త అందనివాళ్ళు, అని పెట్టారు. తప్పు పట్టడం లేదు, కష్టపడి చేశారు. కానీ నాకు ఆ ఎర్ర రంగు ఉన్నచోట మా వీధి కనపడింది. బియ్యం కొట్టు కనపడింది. అందుకని ముందు మనుషుల గురించి చెప్పి, తర్వాత మిషన్ సంగతికి వస్తాను.

హౌసా వాళ్ళు ఎక్కువగా ఉండేది ఉత్తర నైజీరియాలో, దాని పైన ఉన్న నైజర్ దేశపు దక్షిణ భాగంలో. వాళ్ళ భాష పశ్చిమ ఆఫ్రికాలో వ్యాపార భాష. హౌసా కాని వాళ్ళు కూడా కోట్ల మంది మాట్లాడతారు. అరబ్బీ, హీబ్రూ భాషలకు అది దూరపు చుట్టం. పైగా ఇస్లాం వెంట వచ్చిన అరబ్బీ మాటలు దానిలో బోలెడు. ఉర్దూ ద్వారా అవే మాటలు మన దగ్గరికీ వచ్చాయి కాబట్టి నాకు మొదటి వారమే కొన్ని పరిచయమైన ముఖాలు కనపడ్డాయి. లోకాన్ని వాళ్ళూ దునియా అంటారు. మనం హక్కు అంటే వాళ్ళు హక్కి అంటారు. మన కలం వాళ్ళకు అల్కలామి. మన కబురు వాళ్ళ దగ్గర లాబారి అయింది.

అంత ధైర్యం వచ్చాక నేను చేసిన పొరపాటు వినండి. హౌసాలో మామూలు 'క' ఒకటి ఉంది, గొంతు బిగబట్టి టక్కున వదిలే 'క' ఇంకొకటి ఉంది. "బాకి" అని మెత్తగా అంటే నోరు. అదే గొంతు బిగించి అంటే అతిథులు. వీధిలో పెద్దాయనకు "మేము అతిథులం" అని చెప్పబోయి "మేము నోళ్ళం" అని చెప్పాను. ఆయన నవ్వకుండా తల ఊపాడు. నోళ్ళమే కదా మరి, నలుగురం ఉన్నాం. తెలుగులో బాకీ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

హౌసా వాళ్ళ పుట్టుక కథ ఒకటి ఉంది. బాగ్దాదు నుంచి బయాజిద్దా అనే రాకుమారుడు దౌరా అనే ఊరికి వస్తాడు. అక్కడి కుసుగు బావిలో ఒక పెద్ద పాము. శుక్రవారం ఒక్కరోజే నీళ్ళు తోడుకోనిస్తుంది. ఇతను దాన్ని చంపుతాడు, రాణి దౌరామాను పెళ్ళాడతాడు. వాళ్ళ సంతతి ఏలిన ఏడు రాజ్యాలే "హౌసా బక్వాయ్", అంటే హౌసా ఏడు: దౌరా, కానో, కట్సినా, జారియా, గోబిర్, రానో, బిరామ్. ఆ బావిని దౌరాలో ఇప్పటికీ చూపిస్తారు. కథ నిజమా కాదా అని నన్ను అడగకండి. ఆ బావి దగ్గర నిలబడితే ఎండాకాలంలో మన రాయలసీమ ఊళ్ళే గుర్తొస్తాయి. నీళ్ళిచ్చినవాడే రాజు.

కానో నగరం మన విజయనగరం కాలానికే పెద్ద బజారు. 15వ శతాబ్దం చివర్లో ఏలిన ముహమ్మద్ రుంఫా అనే రాజు కట్టించిన కోట, ఆయన పేరుతో చెప్పుకునే కుర్మి బజారు ఇప్పటికీ ఉన్నాయి. కోఫర్ మాతా అనే కోటగుమ్మం పక్కన నీలిమందు గుంటలు ఉన్నాయి. 1498 నుంచి ఉన్నాయని బోర్డు పెట్టుకున్నారు. నేలలో బావిలాగా తవ్విన గుంటలో నీలి రంగు, బూడిద కలిపి రోజుల తరబడి పులియబెట్టి, బట్టను ముంచుతారు, తీస్తారు, మళ్ళీ ముంచుతారు. ఎన్నిసార్లు ముంచితే అంత నలుపు తిరిగిన నీలం. అక్కడ మేక తోళ్ళు సహారా ఎడారి దాటి మొరాకో మీదుగా ఐరోపాకు వెళ్ళేవి. పుస్తకాలకు అట్టలు వేసే ఆ తోలుకు "మొరాకో తోలు" అని పేరొచ్చింది. పని కానో వాళ్ళది, పేరు మొరాకోది.

ఇస్లాం అక్కడికి కత్తితో రాలేదు, 14వ శతాబ్దం నాటికి వర్తకుల వెంట వచ్చింది. కత్తి తర్వాత వచ్చింది. 1804లో ఉస్మాన్ దాన్ ఫోదియో అనే ఫులానీ తెగ పండితుడు, రాజులు ఇస్లాంను కల్తీ చేస్తున్నారని జిహాద్ మొదలుపెట్టాడు. ఆ యుద్ధంలోంచి సొకోటో సామ్రాజ్యం పుట్టింది. బానిసల మీద నడిచిన రాజ్యం అది, దాన్ని దాచిపెట్టక్కర్లేదు. కానీ అదే ఇంట్లో ఆయన కూతురు నానా అస్మావు మూడు భాషల్లో పద్యాలు రాసింది. పల్లెల్లో ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి ఆడవాళ్ళనే తయారుచేసి ఊరూరా తిప్పింది. వాళ్ళ నాయకురాళ్ళు మల్ఫా అనే గడ్డి టోపీ పెట్టుకునేవారు. ఆమె చనిపోయింది 1864లో. మిషనరీల బడి ఆ ప్రాంతానికి చేరడానికి ఇంకా నలభై ఏళ్ళు ఉంది. కాబట్టి "ఆఫ్రికాలో ఆడపిల్లలకు అక్షరం చూపించింది మనమే" అని ఎవరైనా ప్రసంగంలో అంటే, హౌసా దేశం మటుకు లెక్కలోంచి తీసెయ్యమని చెప్పండి.

ఇప్పుడు ఇంటి సంగతి. హౌసా ఇల్లంటే ఒక మట్టి ప్రహరీ, లోపల గదులు, వాకిలి. ప్రహరీకి గుమ్మం దగ్గర ఒక గది ఉంటుంది. దాన్ని జౌరే అంటారు. బయటి మగవాడు ఎంత గొప్పవాడైనా అక్కడిదాకానే. మన పాత ఇళ్ళలో అరుగు ఎలాగో అది అలాగ. అక్కడే చాప వేస్తారు, అక్కడే నమలడానికి కోలా కాయ చీల్చి చేతిలో పెడతారు, అక్కడే మాట్లాడతారు. నాలుగేళ్ళలో నేను ఏ ఇంట్లోనూ జౌరే దాటలేదు. మా ఆవిడ మొదటి నెలలోనే అన్ని ఇళ్ళూ లోపలిదాకా చూసింది. పెళ్ళయిన ఆడవాళ్ళు పగటిపూట గడప దాటి రారు గాని, లోపలే కూర్చుని వేరుశనగ చక్కిలాలు, కులికులి అంటారు, వేయించి పిల్లల చేత బజారుకు పంపి అమ్మించేవారు. ఎవరి డబ్బు వాళ్ళదే. మొగుడికి అప్పిచ్చి వసూలు చేసుకున్న ఆవిడ కూడా ఉందని మా ఆవిడ వచ్చి చెప్పేది.

పలకరింపు అక్కడ పెద్ద పని. "ఇనా క్వానా", ఎలా పడుకున్నారు? "లాఫియా", క్షేమం. ఇల్లెలా ఉంది? క్షేమం. పని? క్షేమం. "ఇనా గాజియా", అలసట ఎలా ఉంది? అలసటను కూడా పేరుపెట్టి అడుగుతారు, చూడండి. ఇన్ని అయ్యాక గాని వచ్చిన పని చెప్పకూడదు. చిన్నవాడు పెద్దవాడికి గొంతుక్కూర్చుని చెబుతాడు. మొదట్లో నాకు విసుగు. గంట కొట్టేశారు, క్లాసుకు పోవాలి, ఈయన అలసట అడుగుతాడేమిటి అని.

"కున్యా" అని ఒక మాట ఉంది. సిగ్గు, మర్యాద, బిడియం, మూడూ అందులోనే. ఆడవాళ్ళు మొగుణ్ణి పేరుపెట్టి పిలవరు. అది మన అమ్మమ్మలకు చెప్పక్కర్లేదు. కానీ తండ్రి తన మొదటి బిడ్డను కూడా పదిమందిలో పేరుపెట్టి పిలవడు, ముద్దు చేయడు. నాతో పనిచేసే మాస్టరు ఒకాయన ఇంటికి వెళ్తే ఒక కుర్రాడు నీళ్ళు తెచ్చాడు. మీ అబ్బాయా, పేరేమిటి అని అడిగాను. ఆయన గోడ వైపు చూశాడు. "ఈ ఇంటి పిల్లవాడే" అన్నాడు. కొడుకంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. ఆ కుర్రాడికి జ్వరం వస్తే ఆయన రెండు రాత్రులు నిద్రపోలేదని తర్వాత తెలిసింది.

ఇంత బిడియం ఉన్నచోట పరాచికాలకు కూడా ఒక దారి పెట్టుకున్నారు. మేనమామ, మేనత్త పిల్లల్ని తౌబాషి అంటారు. వాళ్ళు ఒకర్నొకరు ఎంతైనా ఆటపట్టించుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. బావామరదళ్ళ సంగతి మనకు ఎవరు నేర్పాలి! ఈ ముక్క చెప్పగానే స్టాఫ్ రూములో నాకు సగం పరాయితనం పోయింది.

తిండి కూడా అంతే. జొన్నపిండి, సజ్జపిండి, బియ్యం, ఏదైనా సరే గట్టిగా ఉడికించి ముద్దచేసి, తువో అంటారు, పులుసులో ముంచి తింటారు. సంకటే. బావోబాబు ఆకు పొడితో చేసే కూర జిగటగా ఉంటుంది, అది నాకు ఎక్కలేదు. కానీ యాకువా అనే పుల్లటి ఆకు బజారులో చూసి మా ఆవిడ అక్కడే కూలబడింది. గోంగూర! ఆ మొక్క ఎర్ర దొప్పలు ఎండబెట్టి, మరిగించి, జోబో అనే పానీయం చేస్తారు.

ఇంకో మాట. తెల్లవారగానే చిన్న చిన్న మగపిల్లలు గిన్నె పట్టుకుని ఇళ్ళ ముందు పాట పాడుతూ వచ్చేవారు. అల్మాజిరీలు అంటారు. తల్లిదండ్రులు ఖురాను నేర్చుకోమని దూరపు ఊళ్ళో మాలం దగ్గర, అంటే గురువు దగ్గర, వదిలిపోతారు. అడుక్కుని తిని చదువుకోవాలి. మా తాతగారి తరంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళ కథలు విన్నాను గనక నాకు వింత అనిపించలేదు. దుఃఖం మాత్రం అనిపించింది. ఇప్పుడు ఆ పిల్లల సంఖ్య పెరిగిపోయి, గిన్నె నిండక, అక్కడి వాళ్ళే దీన్ని ఏం చేయాలా అని తలపట్టుకుంటున్నారు.

ఇక మిషన్.

పాత పుస్తకాల్లో "సూడాన్" అంటే ఇప్పటి సూడాన్ దేశం కాదు, సహారా కింద అడ్డంగా పరుచుకున్న నేలంతా. దాని నడిబొడ్డు హౌసా దేశం. 1841లో నైజర్ నది మీద వెళ్ళిన ఇంగ్లీషు ఓడల్లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున ఇద్దరున్నారు. ఒకరు షోన్ అనే జర్మన్. రెండోవారు సామ్యూల్ అజాయీ క్రౌథర్, చిన్నప్పుడు బానిసత్వం నుంచి విడుదలైన యొరుబా తెగవాడు, తర్వాత బిషప్ అయ్యాడు. షోన్ హౌసా వ్యాకరణం రాశాడు, నిఘంటువు చేశాడు. ఆయనకు హౌసా నేర్పింది ఎవరనుకుంటున్నారు? విడుదలైన బానిసలే. వాళ్ళలో దొరుగు అనే అబ్బాయి, చిన్నతనంలో ఎత్తుకుపోతే చేతులు మారి మారి, బార్త్ అనే జర్మన్ యాత్రికుడి వెంట 1855లో ఇంగ్లండు చేరాడు. తన కథంతా షోన్‌కు హౌసాలో చెప్పాడు. హౌసా బైబిలు వెనక మొదటి గురువులు చదువుకున్న పాదిరీలు కాదు, అమ్ముడుపోయిన పిల్లలు.

1890లో ఇద్దరు ఇంగ్లీషు యువకులు, బ్రూక్, రాబిన్సన్, నైజర్ నది ఒడ్డున ఉన్న లొకోజాకు వచ్చారు. హౌసా బట్టలు కట్టారు, హౌసా తిండి తిన్నారు. చాలా భక్తిపరులు. అదే సమయంలో క్రౌథర్ బిషప్పు కింద పనిచేస్తున్న ఆఫ్రికా పాస్టర్లను అయోగ్యులని పనిలోంచి తీసెయ్యడంలోనూ వీళ్ళ చెయ్యి ఉంది. ముసలాయన ఆ అవమానం తర్వాత ఎక్కువకాలం బతకలేదు, 1891 డిసెంబరు 31న పోయాడు. రాబిన్సన్ అదే ఏడాది, బ్రూక్ మరుసటి ఏడాది జ్వరాలతో పోయారు. నాకు ఈ కథ చదివినప్పుడల్లా బట్టలు మార్చుకోవడం ఎంత తేలికో అనిపిస్తుంది.

1893 డిసెంబరులో ఇంకో ముగ్గురు లాగోసులో దిగారు: గోవన్స్, కెంట్, బింగ్‌హామ్. అక్కడున్న ఒక మిషన్ పెద్ద వాళ్ళతో, మీరు సూడాన్ చూడరు, మీ పిల్లలూ చూడరు, మనవలు చూస్తారేమో అన్నాడట. బింగ్‌హామ్ ఒంట్లో బాగాలేక తీరంలో ఉండిపోయాడు. మిగతా ఇద్దరు లోపలికి నడిచారు. 1894 నవంబరులో గోవన్స్ జారియా దగ్గర గిర్కులో, డిసెంబరులో కెంట్ బిదాలో చనిపోయారు. మిగిలిన బింగ్‌హామ్ కెనడా తిరిగివెళ్ళి నిలబెట్టినదే సూడాన్ ఇంటీరియర్ మిషన్. దానిలోంచి వచ్చిన సంఘమే ఇవాళ ఎక్వా అనే పేరుతో నైజీరియాలో పెద్ద సంఘాల్లో ఒకటి.

1900లో బిషప్ టగ్వెల్, వాల్టర్ మిల్లర్ అనే డాక్టరు, మరికొందరు కానో చేరారు. అక్కడి పాలకుడు అమీరు అలీయు వాళ్ళను విన్నాడు, మూడు రోజుల్లో ఊరు వదిలి పొమ్మన్నాడు. మూడేళ్ళకు, 1903లో, ఇంగ్లీషు సైన్యం కానోను, సొకోటోను పట్టుకుంది. ఆ సైన్యాన్ని పంపించినవాడు లుగార్డ్ అనే ఇంగ్లీషు పాలకుడు. ఈయన 1858లో పుట్టింది మన మద్రాసులో, సెయింట్ జార్జి కోటలో. తండ్రి అక్కడ సైన్యానికి పాదిరీ. పాదిరీ కొడుకు గెలిచాడు గనక మిషన్‌కు తలుపులు బార్లా తెరుచుకున్నాయనుకుంటాం. జరిగింది తలకిందులు. మీ మతంలో జోక్యం చేసుకోం అని సొకోటోలో మాట ఇచ్చాడు. అమీర్ల చేత పాలన చేయించుకోవాలంటే వాళ్ళకు కోపం రాకూడదు. అందుకని ఇంగ్లీషు అధికారులే ముస్లిం ఊళ్ళలోకి మిషనరీలను రానివ్వకుండా ముప్పై ఏళ్ళు అడ్డుపడ్డారు. పండగ రోజున అమీరు ముందు గుర్రాలు దౌడు తీసే ఆ గొప్ప వేడుకను ఇప్పుడు "దర్బార్" అంటారు, 2024లో యునెస్కో జాబితాకూ ఎక్కింది. ఆ మాట కూడా ఇంగ్లీషు వాళ్ళు మన దేశం నుంచి మోసుకెళ్ళిందే. హౌసాలో దాని పేరు హవన్ సల్లా.

అమీరుకు మాత్రం తేడా తెలియలేదు. తుపాకి పట్టుకున్న తెల్లవాడు, పుస్తకం పట్టుకున్న తెల్లవాడు, ఇద్దరూ మూడేళ్ళ తేడాలో అదే దారిన వచ్చారు. ఆ బరువు ఇప్పటికీ సువార్త వీపు మీద ఉంది. "బోకో" అంటే అక్కడ ఇంగ్లీషు పద్ధతి చదువు, రోమన్ అక్షరాల రాత. బోకో హరామ్ అనే ముఠా పేరులో ఉన్నది అదే. ఆ మాట మీద ఇవాళ ఎంత రక్తం కారిందో పేపర్లో చదువుతూనే ఉన్నారు.

మిల్లర్ మాత్రం జౌరేలో కూర్చోవడం నేర్చుకున్నాడు. హౌసా బాగా మాట్లాడేవాడు, 1905 నుంచి జారియా కోట లోపలే ఉండి బడి నడిపాడు, మందిచ్చాడు, తర్జుమా చేశాడు. మొత్తం హౌసా బైబిలు 1932లో అచ్చయింది. ఎంతమంది మారారు అంటే, చాలా తక్కువ. 1929లో మిషన్‌ను కోట బయట వుసాసాకు మార్చారు. అక్కడ మట్టితో హౌసా పద్ధతిలో కట్టిన గుడి, ఆసుపత్రి, బడి. ఆ చిన్న ఊరి నుంచే ఉత్తర నైజీరియా మొదటి డాక్టరు దిక్కో వచ్చాడు. ఒక సువార్తికుడి కొడుకు యాకుబు గోవోన్ అక్కడే పెరిగి, 1966లో దేశాధినేత అయ్యాడు.

ఇక్కడ ఇసావా వాళ్ళ సంగతి చెప్పకపోతే నా మాట సగమే. ఇసా అంటే యేసు. 19వ శతాబ్దం మధ్యలో, ఇంకా ఏ మిషనరీ కానో మొహం చూడకముందే, మాలం ఇబ్రహీం అనే ఖురాను గురువు, ఖురానులో ఇసా గురించి రాసిన మాటలే చదివి చదివి, ఇతనే గొప్పవాడు అని చెప్పడం మొదలుపెట్టాడు. కానో బజారులో కొయ్య మీద గుచ్చి చంపారు. శిష్యులు అడవులు పట్టుకుపోయి, తరాలపాటు అలాగే ఉండిపోయారు. 1913 ప్రాంతంలో వాళ్ళ మనుషులు మిల్లర్ దగ్గరికి వచ్చారు. గిమీ అనే పల్లె కట్టుకున్నారు. తర్వాత నిద్రజబ్బు తగిలి ఆ పల్లె చాలావరకు ఊడ్చుకుపోయింది. హౌసా దేశంలో యేసు పేరున మొదట చచ్చిపోయింది తెల్లవాడు కాదని, బైబిలు చూడనివాడని మన మ్యాపులో రాయడానికి ఏ రంగు వాడతారో నాకు తెలియదు.

మీలో కొందరు అడగబోతున్నారు, నాకు తెలుసు. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, కానోలో అలా ఎందుకు కాలేదు? నాకు తోచింది చెబుతాను. మన దగ్గర ఊరికి బయట ఉంచిన వాళ్ళు వచ్చారు. తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్యగారు ముందు నమ్మి, తన వాళ్ళ మధ్య తిరిగి చెప్పారు. గుడిలోకి రానివ్వని వాళ్ళకు ఒక గుడి దొరికింది. కానోలో తోలు పనివాడిది తక్కువ మెట్టే, కసాయిది ఇంకా తక్కువ. కానీ శుక్రవారం నమాజుకు వాళ్ళూ అందరితోపాటు వరసలో నిలబడతారు. బయట నిలబెట్టిన మనిషి లేనిచోట బయటి నుంచి వచ్చినవాడి మాట ఎవరు వింటారు?

బయట నిలబెట్టినవాళ్ళు అసలు లేరని కాదు. మగుజావా అని, ఇస్లాం తీసుకోని హౌసా రైతులు. దూరదూరంగా పొలాల్లో ఇళ్ళు, బోరి అనే దయ్యాల పూనకాలు. పట్నం హౌసా వాళ్ళకు వీళ్ళంటే చులకన. మలుంఫాషి వైపు, ఇంకా కొన్ని చోట్ల, వీళ్ళలో చాలా కుటుంబాలు క్రైస్తవులయ్యాయి. సంఘాలు నిలబడ్డాయి కూడా, ఎందుకంటే ఒక్కొక్కరుగా కాక ఇంటిల్లిపాదీ వచ్చారు. కుటుంబంతో వచ్చినవాడికి పెళ్ళిచేయడానికి చుట్టం ఉంటాడు, పాతిపెట్టడానికి చుట్టం ఉంటాడు. ముస్లిం ఇంటి నుంచి ఒంటరిగా వచ్చినవాడికి ఇద్దరూ ఉండరు. పైగా దక్షిణాది క్రైస్తవులు కూడా "హౌసా అంటే ముస్లిమే కదా" అని వీణ్ణి అనుమానంగా చూస్తారు.

ముస్లిం ఊళ్ళలో తలుపు తీసింది ఆసుపత్రి. 1930ల చివర్లో కానో, కట్సినా, సొకోటోలలో కుష్ఠురోగుల ఊళ్ళను చూసుకోమని ప్రభుత్వం సూడాన్ ఇంటీరియర్ మిషన్‌కు అప్పగించింది. మన డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి తెలిసినవాళ్ళకు ఆ పని ఏమిటో చెప్పక్కర్లేదు. 1940లలో కానోలో కంటి ఆసుపత్రి వచ్చింది. సహారా దుమ్ము, ఎండ, కళ్ళ జబ్బులు అక్కడ ఎక్కువ. 1950లో నైజర్ దేశంలో గాల్మీ ఆసుపత్రి. మా వీధిలో బియ్యం కొట్టు హాజీగారి తల్లికి చూపు తెప్పించింది ఆ కంటి ఆసుపత్రే. ఆయన క్రైస్తవుడు కాలేదు, అవుదామనే ఆలోచన కూడా లేదు. కానీ దానివల్ల మా ఇంటికి ఒక మేలు జరిగింది.

ఆ మేలు ఇది. ఒక ఏడాది మాకు వరసగా కొన్ని నెలలు జీతాలు రాలేదు. పిల్లలు చిన్నవాళ్ళు, ఊరు కాని ఊరు, టెన్షన్‌తో నిద్రపట్టేది కాదు. హాజీగారు బియ్యం, నూనె పంపుతూనే ఉన్నారు. పుస్తకంలో రాయండి అంటే రాసేవారు. "మీవాళ్ళు మా అమ్మకు కళ్ళిచ్చారు" అనేవారు. నేను ఆ ఆసుపత్రివాణ్ణి కాదు, వాళ్ళెవరో నాకు తెలియదు అని చెప్పినా ఆయనకు పట్టదు. మీరూ మీ పుస్తకం చదివేవాళ్ళే కదా అనేవారు. హౌసాలో ఒక సామెత ఉంది, "బాకొన్కా అన్నబిన్కా", నీ అతిథే నీ ప్రవక్త. నోరు, అతిథి, బాకీ, మూడూ కలిసి మా ఇంట్లో కూర్చున్న రోజులవి.

ఆ దేశంలో తర్వాత జరిగినవి మీకు తెలుసు. 1999, 2000లలో పన్నెండు ఉత్తర రాష్ట్రాలు షరియా చట్టాన్ని నేర శిక్షల దాకా తెచ్చాయి. 2000లో కదునా నగరంలో అల్లర్లు, వేయికి పైగా శవాలు, గుళ్ళు కాలాయి, మసీదులు కాలాయి. ఆ కదునాలోనే ఇద్దరున్నారు. పాస్టర్ జేమ్స్ వుయే 1992 గొడవల్లో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ఇమామ్ ముహమ్మద్ అషాఫా అదే గొడవల్లో తన గురువును, బంధువులను పోగొట్టుకున్నాడు. ఒకర్నొకరు చంపాలని తిరిగినవాళ్ళు. 1995లో కలిసి ఒక సంస్థ పెట్టి, ఎక్కడ మంట పుడితే అక్కడికి ఇద్దరూ వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టారు. ఇద్దరిలో ఎవరూ మతం మార్చుకోలేదు.

పోయినసారి ఎవరో అడిగారు, మన సంఘం అక్కడికి ఎవరినైనా పంపొచ్చా అని. పంపొచ్చు. కంటి డాక్టర్ని, నర్సుని, బోర్లు వేసేవాణ్ణి, లెక్కల మాస్టర్ని. భాష నేర్చుకునే ఓపిక ఉన్నవాణ్ణి. కెమెరా పట్టుకుని మూడు వారాలు తిరిగి రావాలనుకునే వాణ్ణి వద్దు. వాడు ఫోటో తీసిన మనిషి మర్నాడు ఆ వీధిలోనే బతకాలి. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మన దోర్నకల్లులో పనిచేస్తున్న అజరయ్యగారు తెల్ల మిషనరీలందరి ముందు లేచి, మీరు మాకు సొమ్ములిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఆయన అడిగింది మనకోసం. ఇప్పుడు పంపేవాళ్ళం మనం, అడిగే వంతు వాళ్ళది.

అయ్యగారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, తెలిసినంత చెబుతాను. వెనక బల్ల మీద స్టీలు క్యానులో మా ఆవిడ జోబో కాచి తెచ్చింది. దొప్పలు మన పెరట్లో ఎర్ర గోంగూరవే, అల్లం దంచి వేసింది. షుగరున్నవాళ్ళ కోసం పంచదార లేనిది పక్కన చిన్న గిన్నెలో ఉంది, చూసుకుని తీసుకోండి.